ఓర్వలేక, ఓర్చుకోలేక: ఒక్క ‘కొను’ తెచ్చిన తేడా

మిత్రులకు నమస్కారం. గత వారం నాంపల్లిలోని మా కార్యాలయంలో వీడ్కోలు సభ జరిగింది. మా పై అధికారిణి పదోన్నతి మీద వరంగల్ వెళ్తున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే నా సహోద్యోగి ఒకరు ఏడాదిగా పట్టుదలతో తెలుగు నేర్చుకుంటున్నారు. ఆయన లేచి, కాగితం చూడకుండా, “మేడం, మీ పదోన్నతికి సంతోషం. కానీ మీరు వెళ్ళడం మేము ఓర్వలేకపోతున్నాం” అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది.

తరువాత నా దగ్గరకు వచ్చి అడిగారు: “ఓర్చు అంటే బర్దాష్త్ చేయడమే కదా, నేను చెప్పినదాంట్లో తప్పేమిటి?” అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. “అలా అంటే అసూయ అని అర్థం వస్తుంది” అని మాత్రం చెప్పాను. ఎందుకు వస్తుందో చెప్పలేకపోయాను. వారం రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

ముందు రూపం సంగతి. ఓర్చుకు పాత రూపం ఓరుచు. పిలుచు నుంచి పిలవలేక వచ్చినట్టే, ఓరుచు నుంచి ఓర్వలేక వచ్చింది. కాబట్టి ఓర్పు, ఓర్చుకోవడం, ఓర్వలేనితనం ఒకే తల్లి పిల్లలు. అయినా ఓర్పు గొప్ప గుణం, ఓర్వలేనితనం దుర్గుణం. ఓర్పు లేనివాణ్ణి తొందరపాటు మనిషి అంటాం, ఓర్వలేనివాణ్ణి మాత్రం అసూయపరుడు అంటాం.

నాకు తోచిన కారణం ఇది. క్రియకు ‘కొను’ (ఓర్చుకోలేకలోని ‘కో’) చేరితే ఆ పని, చేసేవాడి వైపే తిరుగుతుంది. వండాడు, వండుకున్నాడు అన్నట్టు. నొప్పి, ఆకలి, అవమానం నావి. అందుకే వాటిని ఓర్చుకుంటాను, లేదా ఓర్చుకోలేకపోతాను. ‘కొను’ లేని ఓర్వలేకలో చూపు ఎదుటివాడి మీద ఉంటుంది. ఎదుటివాడి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు చూసి ఓర్వలేకపోతాం. “చూసి” అన్న మాట దాని పక్కన ఎంత సహజంగా వచ్చి కూర్చుంటుందో గమనించండి. మా మిత్రుడి వాక్యంలో పదోన్నతి అన్న మాట ముందే ఉంది. వినేవాళ్ళు ఓర్వలేకను దానికే ముడిపెట్టారు.

అయితే ఇది ఎప్పుడూ ఇలాగే ఉందని నేను అనను. ఓర్వరాని దుఃఖం అని పుస్తకాల్లో చదువుతూనే ఉన్నాం, అక్కడ అసూయ లేదు. “ఓర్చినమ్మకు తేటనీరు” అనే సామెతలోనూ ‘కొను’ లేదు. నాకు ఎంతో ఇష్టమైన సామెత ఇది. కలకబారిన నీరు తేరేదాకా కడవతో నిలబడ్డ మనిషి కళ్ళ ముందు కనిపిస్తుంది. అక్కడ ఓర్చడం అంటే వేచి ఉండడం కూడా. కన్నడంలో ‘తాళు’ అంటే ఇప్పటికీ ఓర్చుకో, ఆగు అనే రెండు అర్థాలూ ఉన్నాయి. మన తాళు మాత్రం వాడుకలో ‘తాళలేక’ అనే వ్యతిరేక రూపంలోనే మిగిలింది, అదీ ఎక్కువగా పత్రికల్లో “అప్పుల బాధ తాళలేక” అనే వార్తల్లో. ఓర్పు అనే అర్థమున్న తాళిమి అనే చక్కటి మాటను మనం వదిలేసుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సహించుది వేరే దారి. “నిర్లక్ష్యాన్ని సహించేది లేదు” అని అధికారి అంటాడు. అక్కడ సహించడం అంటే జరగనివ్వడం. కింది ఉద్యోగి నోట అదే మాట “సహించలేను” అవుతుంది. ఆపగల శక్తి ఉన్నవాడే “సహించను” అనగలడు. సంస్కృతంలో సహ్ ధాతువుకు వేదకాలంలో జయించడం, అణచడం అనే అర్థాలున్నాయి. సాహసం, ఉత్సాహం ఆ ధాతువు నుంచి పుట్టినవే. మన ఓపికలోనూ ఇదే కనిపిస్తుంది. “మెట్లెక్కే ఓపిక లేదు” అంటే బలం లేదని, “ఓపిక పట్టు” అంటే ఓర్చుకొమ్మని. రెండు భాషలూ శక్తినీ సహనాన్నీ ఒకే మాటలో పెట్టుకున్నాయి.

భరించు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఖర్చయినా కష్టమైనా మోయడమే. తట్టుకొనుకు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. వంతెన వరదను తట్టుకుంటుంది. ఓర్చుకోవాలంటే ప్రాణం ఉండాలి.

నిన్న మా మిత్రుడికి “మీరు వెళ్ళిపోతుంటే తట్టుకోలేకపోతున్నాం” అని రాసి ఇచ్చాను. ఆయన ఆ వాక్యాన్ని అధికారిణికి ఫోనులో పంపారు, ఆవిడ వెంటనే తిరిగి ఫోను చేసి మాట్లాడారట.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు నొప్పి విషయంలో “ఓర్వలేకపోతున్నా” అనడం ఎవరైనా విన్నారా? ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో విన్నారో చెప్పండి. పురుటి నొప్పుల గురించి చెప్పేటప్పుడు ఆ మాట ఇంకా బతికి ఉందేమో అని నా అనుమానం.