రీబాండింగ్‌తో పాడైన జుట్టు: ఒకేసారి తీసేయాలా, కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పెంచాలా?

బరంపురం అమ్మాయి:
రింగుల జుట్టును మందుతో సాపు చేసే రీబాండింగ్ రెండేళ్లలో మూడుసార్లు చేయించాను. మూడోసారి పార్లర్‌లో కొత్తగా వచ్చిన రింగుల జుట్టుకే కాకుండా, అప్పటికే సాపు చేసిన చివర్ల దాకా మందు రాసేశారు. అది తప్పని నాకప్పుడు తెలీదు. ఇప్పుడు తలస్నానం చేశాక ఒక వెంట్రుక పట్టుకుని లాగితే ఉడికిన సేమ్యాలా సాగి తెగిపోతోంది. ఎనిమిది నెలలుగా ఏ మందూ పెట్టలేదు. పైన నాలుగు వేళ్ల మేర నా సొంత రింగులొచ్చాయి, కింద వీపు దాకా చీపురు పుల్లలే. మాఘంలో రాయగడలో అక్క పెళ్లి. జడ లేకుండా ఎలాగే అని అమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?

పర్లాకిమిడి అక్క:
తీసేయ్ చెల్లీ. ఆరేళ్లు పార్లర్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నాను. రీబాండింగ్ మందులో మామూలుగా ఉండేది అమ్మోనియం థయోగ్లైకొలేట్. వెంట్రుకకు బలమిచ్చే సల్ఫర్ బంధాలను అది తెంచుతుంది. తర్వాత వేడి పలకతో సాపు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ బంధాలను మళ్లీ కలుపుతారు. అన్నీ కలవవు. అదే చోట మూడుసార్లు తెంచితే ఇంకేం మిగులుతుంది? వెంట్రుకకు ప్రాణం ఉండేది చర్మం లోపలే. బయటికొచ్చింది గోరు లాంటిది, మానదు. మాస్కులూ సీరమ్‌లూ పైపూతే. అన్నిటికన్నా బలహీనమైన చోటు కొత్త జుట్టూ పాతదీ కలిసే దగ్గర.

రాయగడ వదిన:
అంత తేలిగ్గా తీసేయమనకండి. నాకు భుజాలు దాటి ఉండేది, ఇదే గతి పట్టింది. రెండు నెలలకోసారి అంగుళంన్నర చొప్పున తీయించుకుంటూ వచ్చాను. ఏడాదిన్నర పట్టింది. తలకు పోసుకునే ముందు రోజు కొబ్బరినూనె, తడిజుట్టుకు వెడల్పు పళ్ల దువ్వెన, అదీ చివర్ల నుంచి పైకి. తువ్వాలుతో గట్టిగా రుద్దడం మానేశాను. చివరికి అంతా నా సొంత రింగులే మిగిలాయి.

పర్లాకిమిడి అక్క:
వదినా, ఒక్కటి అడుగుతా. ఆ ఏడాదిన్నర తర్వాత జుట్టు ఎంత పొడవుంది?

రాయగడ వదిన:
గడ్డం దాకా.

పర్లాకిమిడి అక్క:
మొదటి రోజే కత్తిరించినా ఆ పాటికి అంతే ఉండేది. నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ. కొబ్బరినూనె మంచిదే, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా ఆపుతుంది. తెగిన బంధాన్ని మాత్రం అతకదు.

రాయగడ వదిన:
లెక్క నిజమే. నేను ఆగింది పొడవు కోసం కాదమ్మా. రోజూ ఆఫీసుకు వెళ్లాలి, అత్తవారింట్లో తిరగాలి. ముడి వేసుకునేంత జుట్టు తలమీద ఉండటం వల్లే ఆ ఏడాదిన్నరా తలెత్తుకుని తిరిగాను. దానికి విలువ లేదంటే ఒప్పుకోను.

ఛత్రపురం పిన్ని:
మూడు కత్తెరలు ఇచ్చి వద్దామని తిరుపతి వెళ్లి, అక్కడికెళ్లాక మనసు మారి తలనీలాలే ఇచ్చాను. నలభై రెండేళ్ల వయసులో. ఏడాదికి జానెడు కూడా రాలేదు కానీ అంతా ఒక్క సమానంగా వచ్చింది. తారాతారిణి అమ్మవారి కొండమీద చైత్ర మంగళవారాల్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే ఊళ్లు మనవి. ఇక్కడ గుండు చూసి ఎవరూ వింతగా అనుకోరు. అయితే మొక్కుంటేనే ఇవ్వు తల్లీ. పాడైన జుట్టు వదిలించుకోడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోకు.

బరంపురం అమ్మాయి:
నాకు మొక్కేం లేదు పిన్నీ. అక్కా, జుట్టును నున్నగా చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయిస్తే పైదీ కిందదీ కలిసిపోతాయని పార్లర్‌లో అంటున్నారు. పెళ్లికి సవరం పెట్టి పూలజడ వేస్తే ఫర్వాలేదా?

పర్లాకిమిడి అక్క:
రెండూ వద్దు. కొన్ని కెరాటిన్ మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్నవాటితో మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను డాక్టర్లే బయటపెట్టారు. జుట్టు సాపు చేసే ఇంకో మందు, కాస్టిక్ సోడా రిలాక్సర్ మాటెత్తితే లేచి వచ్చేయ్. థయోగ్లైకొలేట్ పెట్టిన జుట్టుకు అది తగిలితే చేతిలోకే ఊడొస్తుంది. సవరం, జడకుప్పెల బరువంతా కొత్తదీ పాతదీ కలిసే ఆ అతుకు మీదే పడుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకో. దువ్వెనకొచ్చినవి తెల్లగుడ్డ మీద పరిచి చూడు. కురచ ముక్కలైతే చివర్లు తెగుతున్నట్టు. పొడుగ్గా ఉండి, కొసన తెల్లటి కుదురు లేకపోతే అతుకు దగ్గరే తెగుతున్నట్టు, అప్పుడిక ఆగొద్దు. కుదురుతో సహా చాలా వస్తుంటే అది వేరే సమస్య, చర్మం డాక్టర్‌కు చూపించుకో.

బరంపురం అమ్మాయి:
చూశాను. ఇరవై ఏడు వచ్చాయి. ఎక్కువ వేలెడు ముక్కలే. ఆరు మాత్రం పొడుగ్గా ఉన్నాయి, ఒక్కదానికీ కుదురు లేదు. ఆ ఆరింటినీ చూస్తుంటే గుండె ఝల్లుమంది.

ఆదివారం భుజాల దాకా తీయించుకుంటున్నాను. సవరం వద్దని అమ్మకు చెప్పేశాను, రాత్రి కాసేపు మాట్లాడలేదు. పొద్దున తనే వచ్చి, చిన్న ముడి చుట్టూ కనకాంబరాలు ఎలా చుట్టాలో నా తలమీద వేళ్లతో కొలిచి చూపించింది. నెల తర్వాత మళ్లీ గుడ్డ పరుస్తాను. పొడుగువి పెరిగితే పెళ్లికి ముందే మిగతాదీ తీసేస్తా.