మూడు నెలల ఇంజెక్షన్ స్టాక్ లేదు, వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలి?

ప్రశ్న: అక్కలూ, చిన్న హెల్త్ సెంటర్లో కొత్తగా నర్సుగా చేరాను. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ ఇంజెక్షన్ అయిపోయింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పట్లేదు, డేట్ ఉన్నవాళ్ళు వచ్చి ఊరికే తిరిగెళ్తుంటే మనసొప్పట్లేదు. ఏం చెయ్యను?

జవాబు: ముందు వాళ్ళ కార్డు మీద డేట్ చూడమ్మా. డేట్ దాటినా 4 వారాల వరకూ తర్వాతి డోసు వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది, కాబట్టి ఆ సంగతి వాళ్ళకి చెప్పు, లేకపోతే లేటైపోయింది ఇంక లాభం లేదనుకుని పూర్తిగా మానేస్తారు. అయినా ఒట్టి చేతులతో మాత్రం పంపకు. కండోమ్స్ ఇవ్వు, పిల్స్ అడిగితే ముందు బీపీ చూడు, 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మామూలు కంబైన్డ్ పిల్స్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండు హార్మోన్లూ ఉండేవి) వద్దు, బిడ్డకి పాలిస్తూ ఇంకా 6 నెలలు నిండనివాళ్ళకీ అవి వద్దు, ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే పిల్స్ ఉంటే అవివ్వు.

ఇంకోటి, ఇంజెక్షన్ లేదు కదా అని కాపర్-టీ వేయించుకోమని ఒత్తిడి పెట్టొద్దు, దయచేసి. అది మంచిదే, 380ఏ రకమైతే 10 ఏళ్ళు పనిచేస్తుంది, కానీ ఆవిడ కావాలనుకుంటేనే. వద్దనుకున్న రోజున తీసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారో కూడా అప్పుడే చెప్పాలి.

ప్రశ్న: థాంక్స్ అక్కా. ఇండెంట్ (స్టాక్ కావాలని పైకి రాసి పంపేది) ప్రతిసారీ పెడుతూనే ఉన్నాం, అయినా తక్కువే వస్తోంది, ఎందుకంటావ్?

జవాబు: లెక్క ఎలా వేస్తున్నారో చూడు. రెండు నెలలు 30 చొప్పున వాడారు, మూడో నెల అసలు స్టాకే లేదు అనుకో, సగటు తీస్తే 20 అని వస్తుంది, పైవాళ్ళు అదే చూసి 20 పంపుతారు, మళ్ళీ నెల మధ్యలోనే అయిపోతుంది, ఇలా తగ్గుతూనే ఉంటుంది. స్టాక్ లేని నెలని సగటులోంచి తీసేయ్, లేదని తిప్పి పంపినవాళ్ళని రిజిస్టర్లో విడిగా రాయి, ఇండెంట్‌తో పాటు ఆ లెక్క కూడా పంపు. చివరి వయల్ తీసేదాకా ఆగి ఇండెంట్ పెట్టొద్దు, సరుకు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూసుకుని అంతకు ముందే పెట్టాలి.

ఇంకొకరు: పిల్లలు కావాలని ఇంజెక్షన్ మానేసినవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి, నెలసరి గాడిలో పడి గర్భం రావడానికి మిగతా పద్ధతులకంటే కొన్ని నెలలు ఎక్కువ పడుతుంది, గర్భసంచి పాడైందని భయపడి మా దగ్గరికి చాలామంది వస్తుంటారు.