గ్రాగీ అంటే కునుకా, మగతా?

మాస్టారూ, రాత్రి రైల్లో వచ్చి తెల్లవారుజామున పాలకొల్లులో దిగాను. ఇంటికి చేరగానే మా అబ్బాయి “గ్రాగీగా ఉందా నాన్నా?” అన్నాడు. నిద్ర వస్తోందా అని అడిగాడనుకుని, రావడం లేదన్నాను. వాడు నవ్వాడు. ఇంతకీ ఆ ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు ఏమిటండీ?

మీవాడు అడిగింది రాబోయే నిద్ర సంగతి కాదండీ, వదలని నిద్ర సంగతి. పులస పులుసుతో భోంచేసి అరుగు మీద వాలితే పట్టేది కునుకు. బస్సు కిటికీకి తల కొట్టుకునేలా చేసేవి కునికిపాట్లు. జ్వరంలో కళ్లు మూతలు పడటం మగత. గ్రాగీ వీటిలో ఏదీ కాదు. లేచాక కూడా తల దిమ్ముగా ఉండి, అడుగు తడబడటం. ‘నిద్రమత్తు వదలలేదు’ అంటాం చూడండి, అదే.

తమాషా ఏమిటంటే ఈ మాటకు మూలం ఒక గుడ్డ! ఎడ్వర్డ్ వెర్నన్ అనే ఇంగ్లీషు నౌకాసేనాని గ్రోగ్రమ్ అనే ముతక బట్ట అంగీ తొడిగేవాడు. అందుకని నావికులు ఆయనకు ‘ఓల్డ్ గ్రాగ్’ అని పేరు పెట్టారు. వాళ్లు రమ్ము తాగి తూలిపోతున్నారని 1740లో ఆయన ఆజ్ఞ వేశాడు: ఒక పాలు రమ్ముకు నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, రోజుకు రెండు విడతలుగా పోయాలి. ఆ నీళ్ల రమ్ముకు ఆయన పేరే అంటుకుంది. గ్రాగ్ తాగి తూలేవాడు గ్రాగీ. తర్వాత దెబ్బ తిని ఊగిపోయే బాక్సరూ గ్రాగీయే. చివరికి తాగనివాళ్లకూ, తన్నులు తిననివాళ్లకూ వచ్చింది. ఆ నౌకాదళంలో రోజువారీ రమ్ము మాత్రం 1970 జులై 31 దాకా సాగింది.

బట్ట అంటే గుర్తొచ్చింది. నరసాపురం పక్కన మన మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల వ్యాపారం చేసేది. ఆ ఊరి పేరు వాళ్ల నోట పడి ‘మడపోలం’ అయి, ఒక మెత్తని నూలు బట్టకు పేరైంది. సేనాని అంగీ మన ఊరి బట్టదై ఉంటే ఆ మాట ఇంకెలా ఉండేదో!

మాస్టారూ, మరి మత్తు అన్నా సారాయే గుర్తొస్తుంది కదా?

వస్తుందండీ. సంస్కృతంలో ‘మత్త’ అంటే మదించిన, తాగి ఒళ్లు తెలియని అని. మన మాటా అటువైపు నుంచి వచ్చిందే.

అందుకేనేమో, రైలు దిగాక నిద్ర మత్తుగా ఉందని ఇప్పుడు చెబితే, దారిలో ఎవరైనా బిస్కెట్లు పెట్టారా అని మా ఆవిడ కంగారుగా సంచీ వెతుకుతోంది.