హక్! హుకుక్! అదాలెత్! ఈ నినాదాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

తుర్కీ (టర్కీ) దేశంలోని ఇస్తాంబుల్ నగరపాలక భవనం ముందు, సరాచ్‌హానె అనే చోట, 2025 మార్చిలో వారం పాటు రాత్రిళ్లు జనం పోగై అరిచిన నినాదం ఇది. (ఆ ‘హానె’ మన దవాఖానాలో ఉన్న ఖానాయే.) వీడియోలు చూస్తుంటే అర్థం కంటే ముందు దాని నడక నా చెవిన పడింది. హక్: ఒక అక్షరం. హు-కుక్: రెండు. అ-దా-లెత్: మూడు. మన లెక్కన చూస్తే మొదట ఒక గురువు, తర్వాత లఘువు మీద గురువు, చివర య గణం. మెట్లెక్కినట్టు పెరుగుతుంది. ఆ మెట్టు మెట్టుకీ చప్పట్లు.

మాటలు చూడండి. హక్ అంటే మన హక్కే. మా తాతగారి దస్తావేజులో ‘సర్వ హక్కు భుక్తములతో’ అని ఉంటుంది, అదే అరబ్బీ మాట. అదాలెత్ మనకు అదాలత్‌గా వచ్చింది. కాకపోతే లోక్ అదాలత్ అన్నప్పుడు మనకు గుర్తొచ్చేది న్యాయస్థానం. తుర్కీలో ఆ మాటకు న్యాయం అనే అర్థమే నిలిచింది. 1932లో భాషా సంస్థ పెట్టి అరబ్బీ, పారశీ మాటలను ఏరి పారేసిన దేశంలో ఈ మూడూ బతికి ఉన్నాయి.

సందర్భం తెలియనివారి కోసం: అప్పటి ఇస్తాంబుల్ మేయరు ఎక్రెమ్ ఇమామోగ్లు అధ్యక్ష పదవికి, అధ్యక్షుడు ఎర్డోగన్‌పై పోటీకి అప్పట్లో సిద్ధమవుతున్నారు. అక్కడ అధ్యక్షుడు కావాలంటే విశ్వవిద్యాలయ పట్టా (డిగ్రీ) ఉండాలి. మార్చి 18న ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం ఆయన పట్టా రద్దు చేసింది. 19 తెల్లవారుజామున పోలీసులు ఇంటికొచ్చి పట్టుకెళ్లారు. 23న అవినీతి కేసులో జైలుకు పంపారు. అదే రోజు ఆయన పార్టీ సీహెచ్‌పీ, అభ్యర్థి ఎంపిక కోసం పెట్టెలు పెడితే, పార్టీలో లేనివాళ్లు కూడా వరసలు కట్టి ఓటేశారు. మొత్తం కోటీ యాభై లక్షల దాకా వచ్చాయని పార్టీ చెప్పింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అధికార పార్టీ పేరులో మొదటి మాటే ‘అదాలెత్’: న్యాయ, అభివృద్ధి పార్టీ. 2017లో ప్రతిపక్ష నాయకుడు కిలిచ్‌దారోగ్లు అంకారా నుంచి ఇస్తాంబుల్ దాకా నడిచినప్పుడు చేతిలో పట్టుకున్న అట్ట మీద ఉన్నదీ ఆ ఒక్క మాటే. ఈ నినాదం అప్పుడూ మోగింది. ఒకే మాట కోసం రెండు పక్షాలు ఇన్నేళ్లుగా పెనుగులాడుతున్నాయి.

వ్యాఖ్య: అక్కా, హుకుక్ అంటే మన ‘హుకుం’ కాదా? హుకుం జారీ చేశారు అంటాం కదా.

జవాబు: కాదు తమ్ముడూ, అక్కడే అందరం పొరబడతాం. హుకుం వేరే ధాతువు. దానికి తుర్కీ రూపం ‘హుక్యుమ్’, అంటే తీర్పు. ‘హుకుక్’ మాత్రం ‘హక్’కు బహువచనం. అరబ్బీలో హక్ చివరిది గొంతు లోతులో పలికే ఖాఫ్, హుకుంలోది మామూలు కాఫ్. మనం ఆ తేడా పోగొట్టుకున్నాం. హక్కులన్నీ కలిస్తే హుకుక్, తుర్కీలో దానికే చట్టబద్ధత, ధర్మశాస్త్రం అనే అర్థం వచ్చింది.

వ్యాఖ్య: అలాంటప్పుడు ‘హక్కులు, చట్టం, న్యాయం’ అని అనువదిస్తే సరిపోతుంది కదమ్మా?

జవాబు: మాస్టారూ, ‘చట్టం’ దగ్గరే నాకు అడ్డం పడుతోంది. శాసనసభ చేసే చట్టానికి తుర్కీలో ‘కానూన్’, ‘యసా’ అని వేరే మాటలున్నాయి. ఆ కానూన్ మన పెద్దలకూ తెలిసినదే. మేయరును పట్టుకెళ్లినవాళ్లు కానూన్ చూపించారు. వీధిలోవాళ్లు అడిగింది హుకుక్. వాళ్ల రాజ్యాంగం 2వ అధికరణంలో దేశాన్ని ‘హుకుక్ దెవ్లెతి’ అంటారు, హుకుక్‌కు కట్టుబడిన రాజ్యమని. తెలుగులో రెంటికీ ‘చట్టం’ అని రాస్తే, ఆ జనం ఎందుకు అరిచారో మనకు అందకుండా పోతుంది. ‘ధర్మం’ దగ్గరగా వస్తుంది గానీ, అది వేరే బరువు మోసే మాట.

వ్యాఖ్య: ఏప్రిల్ 2న అక్కడి విద్యార్థులు చేసిన కొనుగోళ్ల ‘బహిష్కరణ’ మాట కూడా చర్చించండి. మా ఊళ్లో బహిష్కరణ అంటే వెలి. బావిలో నీళ్లు తోడనివ్వరు, కొట్లో ఉప్పు అమ్మరు. నేను చిన్నప్పుడు చూశాను. ఆ మాట విద్యార్థులకు తగిలించడం నాకు నచ్చలేదు.

జవాబు: మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. బహిః అంటే బయట. బయటికి నెట్టడమే బహిష్కరణ. నెట్టాలంటే పైచేయి ఉండాలి. ఇక్కడ జరిగింది చూడండి. నిరసనలు చూపించని ఛానెళ్లు, వాటి యజమానుల తక్కిన వ్యాపారాలు, ఎస్ప్రెస్సోలాబ్ కాఫీ దుకాణాలు, వీటిలో డబ్బు ఖర్చు పెట్టొద్దని ప్రతిపక్ష నాయకుడు ఓజ్గూర్ ఓజెల్ పిలుపిచ్చారు. ఆ తర్వాత విద్యార్థులు ఒక రోజంతా ఏమీ కొనొద్దన్నారు. కొందరు చిన్న కొట్లవాళ్లు తామే షట్టర్లు దించారు. ప్రభుత్వ ప్రాసిక్యూటరు దీన్ని ద్వేషం, వివక్ష రెచ్చగొట్టడం అంటూ దర్యాప్తు మొదలుపెట్టి కొందరిని నిర్బంధించారు. పిలుపును సమర్థించిన ఒక నటిని ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీ తన ధారావాహిక నుంచి తప్పించింది. అంటే ప్రభుత్వం దీన్ని సరిగ్గా ‘వెలి’గానే చూపించాలనుకుంది. మనం ‘బహిష్కరణ’ అని రాస్తే, తెలియకుండానే ఆ ప్రాసిక్యూటరు వాదన మన నోటితో పలికినట్టవుతుంది.

‘బాయ్‌కాట్’ పుట్టుకలోనూ ఇదే ఉంది. 1880లో ఐర్లండులో కౌలు రైతులు, కూలీలు ఒక జమీను ఏజెంటుకు పని చేయడం మానేశారు. అతని ఇంటి పేరే ఆ మాట. కింద ఉన్నవాళ్లు చేయి వెనక్కి తీసుకున్నారు. దీనికి మన దగ్గర మంచి మాట ఎప్పుడో ఉంది: నిరాకరణ. సహాయ నిరాకరణ, పెదనందిపాడులో పన్నుల నిరాకరణ. ఆ వరసలో ‘కొనుగోలు నిరాకరణ’ అందామా?

వ్యాఖ్య: పుస్తకంలో బాగుంటుందమ్మా. వీధిలో అరవాలంటే ‘కొనం’ చాలదూ?

జవాబు: చాలు మాస్టారూ. బహిష్కరణలో ఎవరు ఎవరినో తెలీదు. ‘కొనం’ అంటే ‘మేము’ ఆ క్రియలోనే ఉంది.