ఓపెన్‌బాక్స్ నా మాట ఇనడం ల్యా – చిన్న తెరలో ఓకే బటన్ కనపడక చస్తాండా

చీనీతోట, అనంతపురం – రాత్రి 11:40
అన్నలారా, పొద్దున 10కి కూర్చున్నా, ఇంకా లేయలేదు. ఇంట్లో అన్నం రెండుసార్లు వేడి చేసి మూతపెట్టినారు. మండీలో కాటా బరువు రాసే నా ప్రోగ్రాం కంప్యూటర్‌లో బంగారం మాదిరి పనిచేస్తాది. చిన్న ఎంబెడెడ్ బోర్డులో (డబ్బాలో ఒకే పనికి పెట్టే చిన్న కంప్యూటర్) వేస్తే బరువు రాసే డైలాగ్ కింది సగం తెర బయటికి పోతాండాది. ఓకే బటన్ యాడుండాదో కనపడదు. విండోలను తెరమీద యాడ, ఎంత పెట్టాలో చూసే విండో మేనేజర్ ఓపెన్‌బాక్స్. దాని సెట్టింగుల ఫైలు ఆర్‌సీ ఎక్స్‌ఎంఎల్‌లో విండోలన్నీ తెర నిండా తెరుచుకోవాలని రాసినా, ల్యా. డైలాగులు మధ్యలో రావాలని రాసినా, ల్యా. అన్నీ పోయి పైన ఎడమ మూలకు అతుక్కుంటాండాయి. పై పట్టీ వద్దని రాసినా, అదొక్కటి మాత్రం ఇనింది. మూడుసార్లు మెమరీ కార్డు మళ్ళీ రాసినా. ఎల్లుండి మండీలో పెట్టాల. ఎవరన్నా చెప్పండప్పా.

హంద్రీ ఒడ్డు – 11:52
ఏ బోర్డు? తెర ఎన్ని పిక్సెళ్లు? విండోలను తెరమీద గీసే ఎక్స్‌ను ఎట్ల మొదలుపెడతాండావు?

పాత టెర్మినల్, కడప – 11:58
తమ్ముడూ, మూడుసార్లు కార్డు రాసినానన్నావే, అసలు జబ్బు అక్కడుంది. మండీలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవునికే తెలియదు. కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సిస్టం సగంలో ఆగిపోతుంది. మా తమ్ముని పాల కేంద్రంలో ఇట్లాంటి డబ్బానే పెట్టినాం. ఒక వానాకాలంలో 4 కార్డులు తిన్నది. ప్రతిసారీ ప్రోగ్రాం తప్పనుకుని దాన్ని తిట్టుకున్నాం. తర్వాత బోర్డు సెట్టింగుల మెనూ రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టం ఆన్ చేసినాం. రాసేదంతా ర్యామ్‌లోకి పోతుంది, కార్డు ముట్టుకోదు. స్విచ్ టక్కున పీకినా ఏమీ కాదు. కానీ ఆ పూట లెక్కలు కూడా దాంతోపాటే పోతాయి, వాటికి వేరే పెన్‌డ్రైవ్ ఉండాల. ముందు అది చేసుకో, కిటికీల సంగతి తర్వాత.

చీనీతోట – అర్ధరాత్రి 12:05
పెద్దాయనా, కరెంటు సంగతి పెట్టేటప్పుడు చూస్తా. ఇప్పుడు ఓకే బటన్ కావాల నాకు. బోర్డు మామూలుదే, తెర చిన్నది.

హంద్రీ ఒడ్డు – 12:06
మామూలు బోర్డు అని అంగట్లో ఏదీ అమ్మరు.

చీనీతోట – 12:14
సరే అన్నా, కోప్పడాకు. రాస్ప్‌బెర్రీ పై 3 ఏ ప్లస్, 512 ఎంబీ. 3.5 అంగుళాల తాకుతెర, 480 బై 320, నెత్తిన గుచ్చుకునే రకం, ఎస్‌పీఐ (బొమ్మను ఒక్కో బిట్టుగా పంపే తీగ). డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్ వేసి, పైన ఎక్స్, ఓపెన్‌బాక్స్ పెట్టినా. ప్రోగ్రాం పైథాన్‌లో టీకేఇంటర్‌తో (విండోలు, బటన్లు గీసే టీకే లైబ్రరీ) నేనే రాసింది. కాటా నుంచి సీరియల్ తీగలో బరువు వస్తుంది, రైతు పేరు, బండి నంబరు, టన్నుకు ఇంత అని తీసే సూట్ లెక్క, కింద చీటీ ప్రింటరు. అంతే.

సీమగాలి – 12:20
ఇంకా ఎక్స్ ఏంటి బ్రో! ఎక్స్ 11 వచ్చింది 1987లో, మనం పుట్టకముందు. దాని బదులు వచ్చిన కొత్తది వేలాండ్, దానికి వెళ్ళు. కేజ్ అని ఒకటుంది, ఒకే ప్రోగ్రాంని తెర నిండా చూపించడానికే పుట్టింది. విండో మేనేజర్ గొడవే ఉండదు. రాస్ప్‌బెర్రీ వాళ్ళు కూడా డెస్క్‌టాప్‌ని అటే మార్చేశారు. మెత్తగా, యానిమేషన్లు అవీ సూపర్‌గా ఉంటాయి.

హంద్రీ ఒడ్డు – 12:27
టీకేకి వేలాండ్ నేరుగా రాదు. మధ్యలో ఎక్స్‌వేలాండ్ పెట్టాల. అంటే పాత ఎక్స్‌నే ఇంకొకరి భుజాలమీద ఎక్కించినట్టు. 512 ఎంబీలో అదెందుకు?
ఇంక యానిమేషన్. 480 బై 320, పిక్సెల్‌కు 16 బిట్లు, ఒక బొమ్మకు 24,57,600 బిట్లు. ఎస్‌పీఐ 16 మెగాహెర్ట్జ్‌లో పోతే సెకనుకు ఆరు బొమ్మలు, గట్టిగా పోతే ఆరున్నర. సూపర్‌గానే ఉంటుంది, జాతరలో బొమ్మల పెట్టె మాదిరి.

సీమగాలి – 12:29
ఎస్‌పీఐ తెర కొనమని నేను చెప్పానా? హెచ్‌డీఎంఐది కొనాల్సింది.

డిప్లొమా మాస్టారు – 12:41
చర్చ మొదటినుంచీ తప్పుదారిలో నడుస్తోంది. ఇది ఎంబెడెడ్ వ్యవస్థ కానే కాదు. ఎంబెడెడ్ అంటే మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు, 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, ఒకే పని. 512 ఎంబీ, నాలుగు కోర్లు, పూర్తి లినక్స్ ఉన్నదాన్ని చిన్న కంప్యూటర్ అంటారు. రెండో విషయం, విండో మేనేజర్ వేరు, డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ (పట్టీలు, మెనూలు అన్నీ కలిపిన మొత్తం) వేరు. ఓపెన్‌బాక్స్ మొదటిది, ఎల్‌ఎక్స్‌డీఈ రెండోది. ఎల్‌ఎక్స్‌డీఈ లోపల ఉండేదీ ఓపెన్‌బాక్సే. మూడోది, తెలుగు గుంపులో విండో మేనేజర్‌కు తెలుగు మాట వాడండి: గవాక్ష నిర్వాహకం.

టవర్‌క్లాక్, అనంతపురం – 12:44
మా ఊర్లో గవాక్షాలు నిర్వహించేవాణ్ని వడ్రంగి అంటారు సార్.

డిప్లొమా మాస్టారు – 12:46
హాస్యం సరే. పదం లేకపోతే విషయం నిలవదు.

టవర్‌క్లాక్ – 12:49
నోకియా 770 గుర్తుందా సార్, 2005ది? 64 ఎంబీ ర్యామ్, 800 బై 480 తెర. అందులో నడిచింది లినక్సే, ఎక్సే, మ్యాచ్‌బాక్స్ అనే విండో మేనేజర్. అది కూడా ఎంబెడెడ్ కాదంటారా?
చీనీతోటా, నువ్వు కూడా మ్యాచ్‌బాక్స్ పెట్టు. ఒకసారికి ఒకే విండో, తెర నిండా. డైలాగ్ వస్తే దాని నెత్తిన కూర్చుంటుంది. జరపడం, సాగదీయడం, పక్కపక్కన పెట్టడం ఏమీ ఉండవు. చిన్న తెరకోసం పుట్టినదాన్ని వదిలి, డెస్క్‌టాప్‌దాన్ని కత్తిరించుకుంటా కూర్చోవడం దేనికి?

హంద్రీ ఒడ్డు – 12:55
అది సరే గానీ, ఓపెన్‌బాక్స్‌లోనూ నాలుగు వరుసల్లో ఆ పని అయితాది. వాడు రాసినానంటాండాడు, అది ఇనడంలేదంటాండాడు. ఎందుకో తెలియకుండా ఇంకోదానికి దూకితే అదీ ఇనదు. చీనీతోటా, ఎక్స్ ఎట్ల మొదలుపెడతాండావని రెండోసారి అడుగుతాండా.

చీనీతోట – 1:10
స్టార్ట్‌ఎక్స్ అన్నా, అందరి మాదిరే. ఇంకో తిక్క కూడా ఉండాది. యూఎస్‌బీ నంబర్ల కీబోర్డు పెట్టినా. వేలు డైలాగ్ మీద పెట్టి తీస్తేనే నంబరు పడుతుంది. వేరే చోట తాకి నొక్కితే దాంట్లోకి ఒక్క అంకె పోదు. తెర డ్రైవర్ తప్పేమో అనుకుని డ్రైవర్ రెండుసార్లు మార్చినా. మీకు చెప్పేంత పెద్దది కాదని చెప్పలేదు.

హంద్రీ ఒడ్డు – 1:13
అదే పెద్దది. స్టార్ట్‌ఎక్స్ చదివే ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలు మొత్తం పెట్టు.

చీనీతోట – 1:19
మూడే వరుసలు. ఇంగ్లీషు అక్షరాలు పెడితే ఈ గుంపులో పోస్టు ఎగిరిపోతుంది కాబట్టి తెలుగులోనే:
ఒకటి, ఎక్స్‌సెట్, తెర ఆరిపోకుండా.
రెండు, పైథాన్3 కాటా డాట్ పీవై.
మూడు, ఎగ్జెక్ ఓపెన్‌బాక్స్ హైఫన్ సెషన్.

హంద్రీ ఒడ్డు – 1:31
అబ్బా సామీ. పొద్దున్నుంచి నీ బోర్డులో ఓపెన్‌బాక్స్ నడవనే లేదు.
ఆ ఫైలు ఒట్టి షెల్ స్క్రిప్టు. రెండో వరుస ముగిస్తేనే మూడోది. రెండో వరుసలో నీ కాటా ప్రోగ్రాం ఉండాది, అది సాయంత్రం మూసేదాకా ముగియదు. మూసినాక ఓపెన్‌బాక్స్ లేస్తుంది, అప్పటికి నువ్వు బోర్డు ఆపేసి ఉంటావు. ఇన్ని గంటలు ఇంట్లో లేని మనిషికి ఉత్తరాలు రాసినావు.
పై పట్టీ ఒక్కటి ఇనింది అన్నావే, అది ఇనడం కాదప్పా. పట్టీ గీసేదే విండో మేనేజర్. అది లేదు కాబట్టి పట్టీ లేదు. విండోలన్నీ సున్నా సున్నా మూలకు అతుక్కోవడం అందుకే. కీబోర్డు గొడవా అందుకే: ఫోకస్ ఎవరికని చెప్పే పెద్దదిక్కు లేకపోతే, పాయింటర్ ఏ విండోమీద ఉంటే కీలు దానికే పోతాయి. తాకుతెరలో పాయింటర్ అంటే నీ వేలు చివర తాకిన చోటు. డ్రైవర్ పాపం ఏమీ చేయలేదు.
వరుసలు తారుమారు చెయ్. ముందు ఓపెన్‌బాక్స్, చివర అండ్ గుర్తు, అప్పుడు అది ముగిసేదాకా ఆగకుండా కింది వరుసకు పోతుంది. తర్వాత స్లీప్ 1, ఒక సెకను ఆగేదానికి. ఆఖర్న ఎగ్జెక్ పైథాన్3 కాటా డాట్ పీవై. ప్రోగ్రాం మూస్తే ఎక్స్ కూడా మూసుకుంటుంది, డబ్బాకు అదే కావాల. ఒప్పుకోకపోతే మూడో వరుస అట్లనే ఉంచి, ప్రోగ్రాంని ఓపెన్‌బాక్స్ ఆటోస్టార్ట్ ఫైలులో పెట్టు. నడుస్తాందో లేదో చూడాలంటే డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్, హైఫన్ ఎం అని ఆదేశం కొట్టు. పేరు చెబితే ఉన్నట్టు.

సీమగాలి – 1:35
కేజ్ పెట్టుంటే ఇదంతా ఉండేది కాదు, ఊరికే చెప్తున్నా.

పాత టెర్మినల్ – 1:38
స్లీప్ 1 అంటే నాకు నచ్చలేదు. ఎండాకాలం బోర్డు కాలి 80 డిగ్రీలు దాటితే వేగం అదే తగ్గించుకుంటుంది, అప్పుడు ఒక సెకను చాలదు. ఆటోస్టార్టే మేలు. డబ్బాకు బొక్కలు పెట్టినావా? మా పాల కేంద్రంలో...

చీనీతోట – 1:52
అయ్యో. వచ్చింది. తెర నిండా వచ్చింది. కీబోర్డు కూడా సరిపోయింది. కానీ బరువు డైలాగ్ మధ్యలో వచ్చి పైనా కిందా రెండువైపులా తెగుతాండాది. ఓకే సగం కనపడుతుంది.

హంద్రీ ఒడ్డు – 1:58
డైలాగ్ ఎత్తు ఎంత పెట్టినావు?

చీనీతోట – 2:01
420.

హంద్రీ ఒడ్డు – 2:12
320 తెరలో 420 ఎట్ల పడుతుంది? ఇంతకన్నా చిన్నగా చేయొద్దని ప్రోగ్రాం చెబితే విండో మేనేజర్ ఆ మాట ఇంటుంది, ఇనాల కూడా. ఏ విండో మేనేజర్ వేసినా దీనికి మందు ప్రోగ్రాంలోనే.
ఇంకో లెక్క చూడు. 3.5 అంగుళాలకు 480 బై 320 అంటే అంగుళానికి సుమారు 165 చుక్కలు. వేలికి 9 మిల్లీమీటర్ల బటన్ అన్నా కావాల, అంటే 58 చుక్కలు. 320ని 58తో భాగిస్తే అయిదు వరుసలు, అంతకుమించి లేవు. మండీలో మట్టి చేతులతో నొక్కుతారు, నాలుగే అనుకో. కంప్యూటర్‌లో ఒకే పేజీలో కుక్కిన ఎనిమిది గడులను రెండు పేజీలు చెయ్. మొదటిదాంట్లో పేరు, బండి. రెండోదాంట్లో బరువు, సూట్. ముందుకు, ఓకే బటన్లు అడుగున కాదు, పైన పెట్టు. ఫాంటు తగ్గించి ఇరికించాకు, ఎండలో ఎవరికీ కనపడదు.
టీకేలో డైలాగ్‌కు ట్రాన్సియంట్, అంటే ఇది ఫలానా విండోకు చెందిన పిల్ల విండో అని, చెప్పినావా? చెబితేనే ఓపెన్‌బాక్స్ దాన్ని డైలాగ్ అనుకుంటుంది. లేకపోతే మామూలు విండో కింద లెక్కేసి దాన్నీ తెర నిండా సాగదీస్తుంది. ఒక రకంగా నీకు అదే మేలేమో. చెప్పకుండా చూడు.

టవర్‌క్లాక్ – 2:15
చూసినావా, చివరికి మ్యాచ్‌బాక్స్ చేసే పనే చేయిస్తాండావు.

హంద్రీ ఒడ్డు – 2:16
అవును. పడుకో.

డిప్లొమా మాస్టారు – ఉదయం 6:20
రాత్రి జరిగింది ఇప్పుడే చదివాను. పరిష్కారం బాగుంది. అయితే విండో మేనేజర్‌కు నేను చెప్పిన తెలుగు మాటకు ఎవరూ సరైన జవాబివ్వలేదు. నిర్వాహకం కాకపోతే గవాక్ష పాలకం అనవచ్చా?

టవర్‌క్లాక్ – 6:48
సార్, పాలకం అంటే పన్ను కట్టాల్సి వస్తాదేమో.

చీనీతోట – 9:05
రెండు పేజీలు చేసినా, సరిపోయింది. థ్యాంక్స్ అన్నా. మండీకి పోతాండా, బండ్లు వచ్చినాయి.

ఎర్రమల – సాయంత్రం 4:30
ఇదే తెర నా దగ్గర కూడా ఉండాది. నిలువుగా తిప్పితే బొమ్మ తిరిగింది గానీ తాకేది తిరగలేదు. కుడిపక్క నొక్కితే పైన పడుతుంది. ఎవరన్నా ఉన్నారా?

పాత టెర్మినల్ – 4:41
ముందు మీ కార్డు ఏ కంపెనీదో చెప్పండి.