'ప్రెషస్ లార్డ్' ట్యూన్ ఎవరిది: డార్సీదా, అలెన్‌దా?

క్వయర్_పియానో:
అందరికీ వందనాలు. ఈ గుడ్ ఫ్రైడేకి మా క్వయర్ 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' పాడుతోంది. పాటల కాగితం మీద 'సంగీతం' అన్నచోట ఎవరి పేరు వేయాలన్నదే తేలడం లేదు. ఒక పాటల పుస్తకంలో థామస్ ఎ. డార్సీ, 1932 అని ఉంది. ఇంకోదాంట్లో ట్యూన్ జార్జ్ ఎన్. అలెన్‌ది, మార్పులు డార్సీవి అని వేశారు. నేనైతే డార్సీ పేరే వేయాలంటాను.

ఆల్టో_అక్క:
డార్సీ అంటే ట్రాంబోన్ వాయించే బ్యాండ్ ఆయన, టామీ డార్సీయేనా బ్రదర్?

క్వయర్_పియానో:
కాదు సిస్టర్, చాలామంది అలాగే పొరబడతారు. ట్రాంబోన్ ఆయన తెల్లజాతి బ్యాండ్ లీడర్. ఈయన 1899లో జార్జియాలోని విల్లా రికాలో పుట్టిన నల్లజాతి సంగీతకారుడు. 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ (నల్లజాతివారి జానపద బాణీ సంగీతం) వాయించి, తర్వాత షికాగోలో గాస్పెల్‌కి, అంటే నల్లజాతి చర్చిల భక్తి సంగీతానికి వచ్చేశాడు.

పాత_స్వరం:
వందనాలు. నేను ఒప్పుకోను. ఈ ట్యూన్‌కి 'మెయిట్‌లాండ్' అనే పేరు ముందే ఉంది. 'మస్ట్ జీసస్ బేర్ ద క్రాస్ అలోన్' అనే కీర్తనను ఆ ట్యూన్‌లోనే పాడతారు. ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో సంగీతం చెప్పిన అలెన్ 1844లో కట్టాడని పుస్తకాలు చెబుతాయి. రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి హమ్ చేసి చూడండి, పోలిక దానంతట అదే తెలుస్తుంది. డార్సీ పుట్టడానికి యాభై ఏళ్ల ముందున్న స్వరానికి డార్సీ పేరు పెడితే అలెన్‌కి అన్యాయం కాదా? బాధలోంచి పుట్టిన పాట కాబట్టి మనసు అటే మొగ్గుతుంది. ఆ బాధ నిజమే, ట్యూన్ లెక్క మాత్రం వేరు.

క్వయర్_పియానో:
హమ్ చేశాను బ్రదర్, చాలాసార్లు. పోలిక ఉంది, కాదనను. కానీ మెయిట్‌లాండ్‌ది 8-6-8-6 నడక, అంటే నాలుగు పాదాల్లో వరసగా అన్నేసి అక్షరాలు. డార్సీ పాటలో రెండు పొట్టి పాదాలు, వాటి వెనక 'ఐ యామ్ టయర్డ్, ఐ యామ్ వీక్, ఐ యామ్ వోర్న్' అని ఒక పొడవాటి పాదం. పాత ట్యూన్‌ను ఉన్నది ఉన్నట్టు వాయిస్తే ఈ మాటలు అందులో పట్టవు. సాగదీయాలి, ఊపిరి తీసుకునే చోట్లు మార్చాలి, స్వరాన్ని వంచాలి. ఆ వంపంతా బ్లూస్‌ది.

బాధ సంగతి తీసి పక్కన పెట్టలేం. 1932 ఆగస్టులో డార్సీ సెయింట్ లూయిస్‌లో పాడుతుండగా టెలిగ్రామ్ వచ్చింది. కాన్పులో భార్య నెట్టీ చనిపోయింది. ఆ వెంటనే బిడ్డా పోయాడు. తర్వాత పియానో ముందు కూర్చుంటే వచ్చిందీ పాట. మొదట 'బ్లెస్డ్ లార్డ్' అని పాడుకుంటుంటే, స్నేహితుడు థియోడోర్ ఫ్రై 'ప్రెషస్' అనమన్నాడు. అలాంటి సమయంలో చేతులు చిన్నప్పటి నుంచి విన్న స్వరం మీదికే వెళ్తాయి. దాన్ని కాపీ అనడానికి నాకు నోరు రాదు.

సండేస్కూల్_టీచర్:
ఒక్క మాట. 1855లో అమెరికన్ పాస్టర్ హెన్రీ వార్డ్ బీచర్ తెచ్చిన ప్లిమత్ కలెక్షన్ అనే పాటల పుస్తకంలో ఇదే ట్యూన్ కింద 'వెస్టర్న్ మెలోడీ' అని ఉంది, అలెన్ పేరు లేదు. అంటే అప్పటికే జనం నోట్లో ఉన్న స్వరంగా చూశారన్నమాట. అలెన్ హక్కు కూడా మనం అనుకున్నంత గట్టిది కాదేమో.

పాత_స్వరం:
అది మంచి పాయింట్. అయితే దానివల్ల డార్సీ హక్కు పెరగదు కదా. జనం స్వరమైతే 'సంప్రదాయ స్వరం' అని వేయండి.

ఆల్టో_అక్క:
మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట మీద రాగం, తాళం వేస్తారు, కింద పురుషోత్తమ చౌదరి గారి లాంటి కవి పేరు ఉంటుంది. రాగం అందరిది, కీర్తన ఆయనది. ఇక్కడా అలా ఎందుకు చూడకూడదు?

పాత_స్వరం:
రాగం వేరు, ట్యూన్ వేరు సిస్టర్. ఒకే రాగంలో ఎన్నో కీర్తనలు కట్టుకోవచ్చు. మెయిట్‌లాండ్ అలా కాదు, మొదటి స్వరం నుంచి చివరిదాకా కట్టేసిన వరుస.

క్వయర్_పియానో:
1968 ఏప్రిల్ 4న మెంఫిస్ మోటెల్ బాల్కనీలో మార్టిన్ లూథర్ కింగ్, కాల్పులకు కాసేపటి ముందు, ఆ రాత్రి సభలో ఈ పాట వాయించమని శాక్సఫోన్ వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌ను అడిగాడు. కింగ్ అంత్యక్రియల్లో గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ ఈ పాటే పాడింది. వాళ్లు కోరుకున్నది మెయిట్‌లాండ్ కాదు బ్రదర్, డార్సీ వంచిన ఆ స్వరం.

సరే, కాగితం మీద ఇలా వేస్తున్నాను: 'మాటలు, సంగీతం: థామస్ ఎ. డార్సీ, 1932. మెయిట్‌లాండ్ ట్యూన్ ఆధారంగా.'

పాత_స్వరం:
మెయిట్‌లాండ్ పక్కన 1844 కూడా వేయండి. అలెన్ పేరు లేకపోవడం నాకింకా ఒప్పుదల కాదు.