ఏఎన్ఎం చేయాలా జీఎన్ఎం చేయాలా? ఫీల్డ్‌లో ఉన్న అక్కలు కాస్త చెప్పండి

కొత్తపిల్ల_జగిత్యాల:
అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఈ ఏడే ఇంటర్ బైపీసీ అయిపోయింది. నర్సింగ్ చేయాలని చిన్నప్పటి నుంచి ఉంది. నాన్నేమో ఏఎన్ఎం (ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సు కోర్సు) అయితే రెండేళ్లలో అయిపోతుంది అది చెయ్ బిడ్డా అంటున్నారు, జీఎన్ఎం (ఆసుపత్రి వార్డు పని కూడా నేర్పే నర్సింగ్ డిప్లొమా) అయితే మూడేళ్లు, ఫీజు కూడా ఎక్కువ, ఇంట్లో తమ్ముడి చదువు కూడా ఉంది. మా మేనత్త మాత్రం ఏఎన్ఎం అంటే ఊళ్లు పట్టుకుని తిరుగుడే, అది నర్సు పనే కాదు అంటోంది. నిజంగా అంతేనా? ఏం నేర్పిస్తారు, చేతికి పని వస్తుందా? ఇంకోటి, రక్తం చూస్తే నాకు కొంచెం కళ్లు తిరుగుతాయి, అలాంటోళ్లు చేయొచ్చా?

సబ్‌సెంటర్_అక్క:
చెల్లీ, నర్సు పని కాదు అనే మాట నమ్మకు. నేను భద్రాద్రి కొత్తగూడెం ఏజెన్సీలో సబ్‌సెంటర్‌లో, అంటే ఊళ్లోని చిన్న సర్కారు ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్ఎంగా చేస్తున్నా. మైదానంలో ఐదు వేల మందికి, మా ఏజెన్సీలో మూడు వేల మందికి ఒక సబ్‌సెంటర్ అని లెక్క. ఆ మూడు వేల మందిలో ఎవరు నెల తప్పారు, ఎవరికి బీపీ ఎక్కువ, ఏ పిల్లోడికి ఏ టీకా బాకీ ఉంది, ఇదంతా నీకే తెలియాలి, డాక్టరు గారు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉంటారు, గుమ్మం దాకా వెళ్లేది నువ్వూ ఆశా అక్కే.

టీకాల సంగతే చెప్తా. బుధవారం, శనివారం పొద్దున్నే పీహెచ్‌సీ నుంచి వ్యాక్సిన్ క్యారియర్ వస్తుంది. అందులో పెట్టే ఐస్ ప్యాక్‌లు ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే పెట్టకూడదు, బయట ఉంచి పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగాలి. ఎందుకంటే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా), హెపటైటిస్ బీ, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఇవి ఒకసారి గడ్డకట్టాయంటే ఇక పని చెయ్యవు, పిల్లోడికి సూది నొప్పి ఒక్కటే మిగులుతుంది. సీసా మీద ఒక గుండ్రం, దాని లోపల చిన్న చదరం ఉంటాయి, చదరం రంగు గుండ్రం రంగుతో సమానం అయిందంటే ఆ సీసా వాడకూడదు. బీసీజీ (క్షయ టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) అయితే పొడిలో ద్రవం కలిపిన టైమ్ సీసా మీద రాసుకోవాలి, నాలుగు గంటలు దాటితే ఇంకా డోసులు ఉన్నా పారేయాల్సిందే. టీకా వేశాక తల్లీబిడ్డని అరగంట కూర్చోబెట్టాలి, పొలం పనుంది పోతా సిస్టర్ అంటారు, అయినా పంపకూడదు. ఇదంతా శ్రద్ధగా చేసేది నర్సు కాకపోతే ఇంకెవరు?

గర్భిణులకి ఐరన్ మాత్రలు ఇస్తే చాలామంది గూట్లో పెట్టేస్తారు. విరేచనం నల్లగా అవుతుంది, కడుపులో తిప్పుతుంది, బిడ్డకేమన్నా అవుతుందేమో అని భయం. నల్లగా అవడం మామూలే, అన్నం తిన్నాక వేసుకో, టీ తాగిన వెంటనే వద్దు అని ముందే కూర్చుని చెప్తే వేసుకుంటారు. హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువ వస్తే మాత్రలతో కూర్చోకుండా పెద్దాసుపత్రికి పంపాలి, ఇంట్లో వాళ్లు రేపు పోతాం అంటే ఆశా అక్కని తోడిచ్చి ఆరోజే బండెక్కించాలి.

కష్టం కూడా చెప్తా. రిజిస్టర్లు రాసి, మళ్లీ అదే ట్యాబ్‌లో ఎంట్రీ చేసి, సిగ్నల్ లేకపోతే రాత్రి ఇంటికొచ్చి చేయాలి. కాంట్రాక్టు మీద చేసే సెకండ్ ఏఎన్ఎంలు పర్మినెంట్ వాళ్లతో సమానంగా ఊళ్లు తిరిగి తక్కువ జీతం తీసుకుంటున్నారు, అది అన్యాయం, రెగ్యులర్ చెయ్యమని సమ్మెలు కూడా చేశారు. అది తెలుసుకునే రా.

స్టాఫ్‌నర్స్_బెజవాడ:
అక్క చెప్పింది నూటికి నూరు కరెక్టు అండి. నేను జీఎన్ఎం చేసి హైదరాబాద్‌లో ప్రైవేట్ ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాను, నా వైపు నుంచి ఒక మాట. నీకు ఊరు ఇష్టమా వార్డు ఇష్టమా అన్నది ముందు తేల్చుకోమ్మా. ఏఎన్ఎంలో కమ్యూనిటీ హెల్త్, పిల్లల ఆరోగ్యం, కాన్పులు, హెల్త్ సెంటర్ నడపడం ఇవే ఎక్కువ, చివర్లో ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్. మెడికల్, సర్జికల్ వార్డులు లోతుగా నేర్పేది జీఎన్ఎంలో. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో ఏఎన్ఎం చేసిన పిల్లల్ని తీసుకుని స్టాఫ్ నర్సు పని మొత్తం చేయించుకుని జీతం మాత్రం సగం ఇస్తారు, వార్డు పనే చేయాలని ఉంటే జీఎన్ఎం చేసి రావడమే మంచిది. ఏఎన్ఎం చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తర్వాత జీఎన్ఎంలో చేరొచ్చు, ఆ పైన పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం తర్వాత చేసే నర్సింగ్ డిగ్రీ) కూడా ఉంది, కాబట్టి మీ నాన్నగారి మాట విన్నా దారి మూసుకుపోదు.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగు కాదు, వాళ్లకి ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లు ఉన్నారా అని చూడు. బెడ్లు ఖాళీగా ఉండే చోట చదివితే బొమ్మ చేతికి ఇంజెక్షన్ చెయ్యడమే వస్తుంది. సీనియర్లని గేటు దగ్గర పట్టుకుని లేబర్ రూమ్ పోస్టింగ్‌లో మీరు చేత్తో ఎన్ని కాన్పులు చేశారు అని అడుగు, ఆ ఒక్క ప్రశ్నతో మొత్తం తెలిసిపోతుంది.

రక్తం గురించి భయపడకు. మొదట్లో కళ్లు తిరగడం మా బ్యాచ్‌లో చాలామందికి ఉండేది. డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లకు, తిరిగినట్టు అనిపిస్తే వెంటనే కూర్చో, సిస్టర్‌కి చెప్పు, ఎవరూ ఏమీ అనరు. చేతిలో పని ఉన్నప్పుడు ఆ భయం దానంతట అదే తగ్గుతుంది.

రాజు_ఖమ్మం:
మధ్యలో వస్తున్నా సారీ, మగపిల్లలు చేయొచ్చా ఏఎన్ఎం?

స్టాఫ్‌నర్స్_బెజవాడ:
ఏఎన్ఎం ఆడపిల్లలకే తమ్ముడూ. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ నువ్వు చేయొచ్చు, మా ఐసీయూలో బ్రదర్స్ ఉన్నారు, బరువున్న పేషెంట్‌ని పక్కకి తిప్పాలంటే అందరూ వాళ్లనే పిలుస్తారు.

కొత్తపిల్ల_జగిత్యాల:
చాలా థాంక్స్ అక్కా ఇద్దరికీ. నాకు ఊళ్లో పనే ఇష్టం అనిపిస్తోంది చదువుతుంటే. మా ఫ్రెండు ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు) చేసింది, అదీ ఇదీ ఒకటేనా?

సబ్‌సెంటర్_అక్క:
ఏఎన్ఎం పోస్టుకి అదీ పనికొస్తుంది, కానీ ఇంటర్ పాసైతే సరిపోదు చెల్లీ, దాని తర్వాత సర్కారు ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ చేసి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ ఏడాది చెయ్యకుండా పెళ్లిళ్లు చేసుకుని, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఉరుకులు పెట్టే పిల్లల్ని చూశాను, మీ ఫ్రెండుకి ఇప్పుడే చెప్పు. నువ్వు చేరే స్కూలుకి మాత్రం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, స్టేట్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకో, వాళ్లు చెప్పింది కాదు, కౌన్సిల్ లిస్టులో పేరు చూడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు జిరాక్సు మీద సంతకం, స్టాంపు తీసుకో. ఆదాయం, కులం సర్టిఫికెట్లకి ఈ వారమే మీసేవలో పెట్టు, అడ్మిషన్లు మొదలయ్యాక అక్కడ లైను బాగా ఉంటుంది.